కూన తల్లిని విడువదగిన వేళ

ఒక మఠములో దాసోహశాల వెనుకనున్న కట్టెల కొట్టములో ఒక కుక్క అయిదు కూనలను పెట్టినదనుకొందము. ఇట్టి దృశ్యము ఏ గ్రామమునకును క్రొత్త కాదు. మొదటి పది పన్నెండు దినములు ఎవరును అటు పోరు. తల్లి గుర్రుమనును గనుక పిల్లలు దూరము నుండియే తొంగిచూతురు. కూనలు కన్నులు తెరచినవను వార్త పొక్కగానే వీధిలోని బాలురందరును మూగుదురు. నల్లచుక్కలది నాదని ఒకడును, తెల్లకాళ్లది నాదని మరియొకడును పంచుకొందురు. నాలుగవ వారము నిండకమునుపే ఒక్కొక్క కూన చొక్కా మాటున దాగి ఒక్కొక్క ఇంటికి చేరును. ఆ రాత్రి అది గంప క్రింద, గోనెపట్టా మీద ముడుచుకొని తెల్లవారులు ఏడ్చును. తల్లి వాసన పట్టుకొనుచు వీధి వెంట తిరుగును. ఇంటి పెద్దలు "రెండు దినములు ఏడ్చి అదే ఊరకుండునులే" అందురు. మూడవ నాటికి కూన నిజముగానే ఊరకుండును. మచ్చిక అయినదని అందరును సంతోషింతురు.

ఆ మౌనము మచ్చికయా, లేక పిలిచి పిలిచి అలసిన ప్రాణి నిరాశయా? కూనను తల్లి నుండి వేరు చేయుటకు తగిన వయస్సేది? ఆ వయస్సును నిర్ణయింపవలసినది ఎవరు? తీసికొనిపోవువాని తొందరయా, విడిచిపోవుదాని సిద్ధతయా? ఇంత చిన్న విషయమునకు ధర్మవిచారమెందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే పెద్ద విషయములలో ధర్మము పాటించుటకు లోకభయము తోడ్పడును, కీర్తికాంక్షయు తోడ్పడును. అడుగువారు లేనిచోట, ఎదురు చెప్పలేని ప్రాణి యెడ మనుష్యుడు ఎట్లు నడచుకొనునో అదియే అతని ధర్మమునకు గీటురాయి. కుక్కకూన న్యాయస్థానమునకు పోలేదు, పంచాయతీలో మొరపెట్టలేదు. దాని పక్షమున మాటలాడవలసినది దానిని ఎత్తుకొన్న చేతులు గల మనుష్యుని అంతఃకరణము మాత్రమే.

12వ శతాబ్దమున కళ్యాణపురమందు బిజ్జలుని కొలువులో భాండారి పదవి నిర్వహించుచునే బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా నిలిపెను. బలికి తేబడిన మూగజీవి పక్షమున నిలిచి మాటలాడెను. ఆ మహనీయుని బోధలో దయ అనునది కన్నీటితో ముగిసిపోవు జాలి కాదు. జాలి మనస్సులో పుట్టి మనస్సులోనే అణగిపోవచ్చును. దయ ఆచారముగా మారవలెను. అందుచేతనే వీరశైవమున పంచాచారములకు అంతటి స్థానము కలిగినది. వానిలో భృత్యాచారము తాను అందరికంటె చిన్నవాడనను వినయమును నేర్పుచున్నది. ఆ వినయమును మూగజీవుల వరకు విస్తరింపజేసినవాడు కూన ముందు యజమానుడుగా నిలువడు. దాని అవసరమేమో తెలిసికొనగోరు సేవకుడుగా నిలుచును. హావినహాళ కల్లయ్య అను శరణుడు కుక్కచేత వేదము చదివించెనను కథ శరణ సంప్రదాయములో ప్రసిద్ధము. జన్మము చేత తాను అధికుడనని తలచువాని గర్వమును ఆ కథ అణచినది. నీచజంతువని లోకము త్రోసివేసిన కుక్కను శరణులు ఏ కంటితో చూచిరో తెలియుటకు ఆ ఒక్క కథ చాలును.

దయ ఆచారముగా మారవలెనన్నచో ముందుగా తెలివి కావలెను. ఏ ప్రాణికి ఏది ఎప్పుడు అవసరమో ఎరుగనివాని దయ గ్రుడ్డిదగును. కాబట్టి కొట్టములోని ఆ తల్లి ఎనిమిది వారముల కాలము ఏమి చేయుచున్నదో ముందుగా చూడవలసియున్నది.

ఆడుకుక్క సుమారు 63 దినములు గర్భము మోసి కూనలను పెట్టును. పుట్టిన కూనకు చూపు లేదు, వినికిడి లేదు. తన దేహపు వేడిమిని తాను నిలుపుకొను శక్తియు దానికి లేదు. తల్లి పొట్టయు, తోబుట్టువుల రాశియు దానికి కుంపటి వంటివి. మొదటి దినమున త్రాగిన ముర్రుపాలలో తల్లి నుండి రోగనిరోధక శక్తి సంక్రమించును. తొలి రెండు మూడు వారములు తల్లి నాలుకతో నాకి ప్రేరేపించిననే గాని కూన మలమూత్రములను విడువజాలదు. తల్లి నాకుట ముద్దు కొరకు మాత్రమేయని చూచువారు తలంతురు. అది కూనకు ప్రాణాధారమైన పరిచర్య. పదవ దినము మొదలు పదునాలుగవ దినము లోపల కన్నులు తెరచుకొనును. మరికొన్ని దినములకు చెవులు తెరచుకొనును. మూడవ వారమున పాలపండ్లు తలయెత్తును. తడబడు కాళ్లతో నడక మొదలగును.

కన్నులు తెరచి నడక నేర్చిన ఈ దశలోనే కూన మిక్కిలి ముద్దుగా నుండును. ఎత్తుకొనిపోవలెనను కోరిక మనుష్యునికి అప్పుడే బలముగా పుట్టును. కాని కూన లోకమును నేర్చుకొనుటకు ఆరంభించునదియు సరిగా ఆ వేళనే. కన్నులు తెరచుకొనుటతో దాని శైశవము ముగిసినదని లోకులు తలచుచున్నారు. నిజమునకు అప్పుడు దాని పాఠశాల తెరచినారు. బడి తెరచిన నాడే బాలుని బడి మాన్పించు తండ్రి వివేకి యనిపించుకొనునా?

ఆ బడిలో గురువులు ఇద్దరు: తల్లియు, తోబుట్టువులును. కూనలు ఒకదానినొకటి కరచుకొనుచు, దొర్లుచు ఆడుకొనును. ఒకటి గట్టిగా కరచినచో రెండవది కుయ్యోమని అరచి ఆట మాని తొలగిపోవును. కరచిన కూనకు ఆట పోవును. మరునాడు అది పంటిపట్టును కొంత సడలించును. ఇట్లు వందలసార్లు జరిగిన పిమ్మట, నోటిలో పండ్లున్నను వానిని ఎంత బలముతో వాడవలెనో, ఎప్పుడు వాడరాదో తెలిసికొనును. ఆకలి లేకున్నను చన్నులపై పడి గోలచేయు కూనను తల్లి ఒక్క గుర్రుతో, మూతితో త్రోయుటతో దండించును, వెంటనే క్షమించును. ఈ శిక్షణ మనుష్యుడు ఈయజాలడు. నాలుగవ వారముననే తేబడిన కూన పెద్దదైన పిమ్మట ఇంటి బిడ్డ చేతిని ఆటలో గాయపరచినచో అందరును కుక్కను కొట్టుదురు. దానికి పాఠము చెప్పు గురువుల నుండి దానిని లాగుకొనివచ్చినది ఎవరో ఆ సమయమున ఎవరికిని గుర్తుండదు.

ఇంకొక విశేషము గమనింపదగియున్నది. తల్లి కూనలను ఎల్లకాలము కౌగిలించుకొని యుండదు. కూనల పాలపండ్లు వాడియైన కొలది అది పాలిచ్చు వేళను తగ్గించును. పడుకొని పాలిచ్చునది నిలుచుండి ఇచ్చును. త్రాగుచుండగనే లేచి నడచిపోవును. కూనలు ఎక్కలేని అరుగు మీదనో, దిమ్మె మీదనో పోయి పడుకొనును. ఏడవ, ఎనిమిదవ వారము నాటికి కూనలు చాలవరకు పాలు మరచి అన్నమునకు అలవాటుపడును. అనగా వేరుచేయుటను తల్లియే ప్రారంభించుచున్నది. రోజునకు ఒక అడుగు చొప్పున కూనలను లోకమునకు అప్పగించుచున్నది. కాబట్టి కూనను తల్లి నుండి వేరుచేయుట తనంతట పాపము కాదు. ఎన్నటికిని వేరుచేయరాదనుటయు ధర్మము కాదు. తల్లి రెండు నెలలలో మెల్లగా చేయుచున్న పనిని మనుష్యుడు ఒక్క సాయంకాలమున తెంపివేయుటయే దోషము. పండిన కాయ తొడిమ నుండి తానే ఊడును. పచ్చికాయను లాగినచో కొమ్మ చీలును.

లోకులు చెప్పు కారణములను ఇప్పుడు పరిశీలింతము. చిన్ననాడే తేకున్నచో కుక్క మచ్చిక కాదనునది వానిలో మొదటిది. ఇందులో కొంత సత్యము కలదు. అమెరికా దేశమున మెయిన్ రాష్ట్రములోని బార్ హార్బర్ పట్టణమందు జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పరిశీలించి 1965లో తమ గ్రంథమును వెలువరించిరి. మూడవ వారము మొదలు పన్నెండవ వారము వరకు కూన మనస్సు క్రొత్త స్నేహములను సులభముగా అంగీకరించునని వారు తేల్చిరి. అక్కడనే జరిగి 1961లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, పదునాలుగు వారముల వరకు మనుష్యుని తాకిడి ఎరుగక పెరిగిన కూనలు ఆ పిమ్మట మనుష్యుని చూచి బెదరుచునే ఉండెను. కాబట్టి మరీ ఆలస్యమును హానికరమే. కాని మచ్చిక ద్వారము పన్నెండవ వారము వరకు తెరచియుండగా, నాలుగవ వారముననే త్రోసికొనిపోవలసిన అవసరమేమి? ఎనిమిది వారములు నిండిన కూనకు ఇంకను ఒక నెల దినములు ఆ ద్వారము తెరచియే యుండును.

పైగా మచ్చిక చేయుటకు కూనను తల్లి నుండి లాగవలసిన పని లేదు. తల్లికి నమ్మకమైన మనుష్యుడు రోజును కొంతసేపు కొట్టము కడ కూర్చుండి, కూనలను మెల్లగా చేతిలోనికి తీసికొని, మరల తల్లి కడ విడిచినచో చాలును. తల్లి భయపడని మనుష్యునికి కూనయు భయపడదు. తల్లి చెంతనే మనుష్యస్పర్శను రుచిచూచిన కూన రెండు ప్రేమలను ఎరుగును. తల్లి లేక మనుష్యుని పట్టుకొన్న కూన ఒక్క ఆధారమునే ఎరుగును. ఆ ఆధారము ఇంటి తలుపు వేసి పొలమునకు పోయినంతనే అది దిక్కులేనిదై అరచును. వదలక వెంబడించు అట్టి ప్రాణిని చూచి యజమానుడు "నన్ను ఎంత ప్రేమించుచున్నదో" యని మురియును. మునుగుచున్నవాడు దుంగను పట్టుకొనుటను ప్రేమయందుమా?

పాలు మరచిన తరువాత తల్లితో పనియేమి యనునది రెండవ కారణము. తల్లి పాలసీసా వంటిదను భావము దీనియందు దాగియున్నది. పాలు దేహమును పెంచును. సహవాసము స్వభావమును పెంచును. 2011లో ప్రకటింపబడిన ఇటలీ పరిశోధనయందు 30 మొదలు 40 దినముల వయస్సులో తల్లిని విడిచిన 70 కుక్కలను, రెండు నెలలకు విడిచిన 70 కుక్కలతో పోల్చి చూచిరి. పెరిగి పెద్దవైన పిమ్మట, ముందుగా వేరుపడిన కుక్కలలోనే మితిమీరిన అరపు, నడకకు పోవునప్పటి భయము, చప్పుళ్లకు బెదరుట, వస్తువులను కొరికి పాడుచేయుట, తన దానిని ఎవరిని తాకనీయకుండుట ఎక్కువగా కనిపించినవి. దక్షిణాఫ్రికాలో పోలీసు కుక్కల శిక్షణకు సంబంధించి 1997లో ప్రకటింపబడిన పరిశోధన మరింత ఆలోచింపజేయును. మాదకద్రవ్యములను వాసనతో కనిపెట్టు తల్లికుక్క పనిని ఆరవ వారము నుండి పన్నెండవ వారము వరకు చూచిన కూనలు, ఆరు నెలల వయస్సున అదే పనికి పెట్టి చూడగా, తల్లి పనిని చూడని వానికంటె మెరుగుగా నేర్చినవి. ఎవరును వానికి పాఠము చెప్పలేదు. తల్లి కాయకమును చూచుటయే పాఠమైనది. కాయకమును కైలాసముగా తలచు సమాజమునకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

వీధిలో నున్న తల్లికే తిండి లేదు, బండ్ల క్రింద పడి చచ్చుటకంటె ఒక ఇంట బ్రదుకుట మేలు కాదా యనునది మూడవ కారణము. ఈ మాటలో నిజమైన దయ కలదు, దీనిని త్రోసివేయరాదు. కాని తల్లికి తిండి లేకున్నచో మొదటి కర్తవ్యము తల్లికి తిండి పెట్టుట. పాలిచ్చు కుక్కకు మామూలు కంటె రెండింతలో, అంతకు మించియో ఆహారము కావలెను. దాసోహము జరుగు చోట ఒక ముద్ద దానికి చేర్చుట భారము కాదు. బండ్ల భయమున్నచో తల్లిని, కూనలను కలిపి ఒక పాత కొట్టములోనికి చేర్చుట సాధ్యము. కూనను రక్షించుటకు తల్లిని విడదీయుట ఒక్కటే మార్గమని తోచినచో, మనుష్యుడు ఇతర మార్గములను ఇంకను వెదకలేదని అర్థము.

అయినను తల్లి నిజముగా మరణించినప్పుడు, లేదా కన్నులు తెరవని కూనలను ఎవరో సంచిలో కట్టి కాలువ గట్టున పారవేసినప్పుడు వయస్సు లెక్కింప వీలుండదు. అప్పుడు తీసికొనినవాడు తల్లి కావలసియుండును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ శైవకుటుంబములకు చిరపరిచితము. శివునకు అందరును ఉన్నను తల్లి లేదే యని ఆమె దుఃఖించెను. ఆయనకు తానే తల్లియై శిశువును సాకినట్లు సాకెను. తల్లి లేమి ఎంతటి లేమియో గుర్తించినవారికే ఆ లోటు తీర్చు అధికారము కలుగునని ఆ కథ నుండి గ్రహింపవచ్చును. తల్లి లేని కూనను తెచ్చువాడు ఒక ముచ్చటను గాక ఒక వ్రతమును పూనుచున్నాడు. తొలి వారములలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రింబవళ్లు పాలు పట్టవలెను. ఆవుపాలలో కుక్కపాల యందున్నంత క్రొవ్వు, మాంసకృత్తులు లేవు. ఒట్టి ఆవుపాలతో కూనలకు విరేచనములు పట్టును. కాబట్టి కూనల కొరకే తయారైన పాలపొడిని పశువైద్యుని సలహాతో వాడవలెను. వెల్లకిల పరుండబెట్టి పాలు పట్టినచో ఊపిరితిత్తులలోనికి పోవును; బోర్లగనే ఉంచి పట్టవలెను. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి మలమూత్రములు విడుచునట్లు చేయవలెను. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాతో వెచ్చదనమీయవలెను. వీలున్నంతవరకు తోబుట్టువులను కలిపియే పెంచవలెను. ఇంతయు చేయుటకు సిద్ధపడినవాడు వయస్సు చూడక తేవచ్చును. దీనికి సిద్ధపడనివాడు తల్లి యుండగా కూనను తాకుట తగదు.

అమ్మకము మాట వచ్చినప్పుడు విషయము మరింత తీవ్రమగును. పట్టణములలో జాతికుక్కల కూనలకు వెల కలదు. కూన ఎంత చిన్నదైన కొనువారికి అంత ముద్దు. ఎంత త్వరగా అమ్మిన అమ్మువారికి అంత మేత ఖర్చు మిగులు. ఈ రెండు లోభముల నడుమ నెల దినముల కూనకు "రెండు నెలలు" అని వయస్సు చెప్పుట జరుగుచున్నది. కాయకము శుద్ధముగా నుండవలెనని, అశుద్ధ సంపాదనతో చేసిన దాసోహము దాసోహము కాదని శరణులు నిష్కర్షగా చెప్పియున్నారు. ఒక శిశువు వయస్సును దొంగిలించి సంపాదించిన ధనము ఏ శుద్ధి క్రిందికి వచ్చును? భారతప్రభుత్వము 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద 2017లో కుక్కల పెంపకము, అమ్మకములకు సంబంధించి నియమములు చేసినది. ఎనిమిది వారములు నిండని కూనను అమ్మరాదని అందు స్పష్టముగా నిషేధించినది. ఇంగ్లండు దేశమున 2020 నుండి, ఆరు నెలలు నిండని కూనలను దళారులు అమ్మరాదు; పెంచినవారు అమ్మునప్పుడును కూనను దాని తల్లితో కలిపి చూపవలెను. కూన ప్రక్కన తల్లియున్నచో అబద్ధమునకు తావు తగ్గునని ఆ చట్టము గ్రహించినది. కొనువారును తల్లిని చూపుమని అడుగవలెను; నోరు తెరచి పాలపండ్లను చూడవలెను. ఎనిమిది వారముల నాటికి ఇరువదియెనిమిది పాలపండ్లును సాధారణముగా వచ్చియుండును. అడుగక కొన్నవాడు అబద్ధములో భాగస్వామి.

చట్టము చెప్పినది కనీసపు హద్దు మాత్రమే. ఎనిమిది వారములు నిండిన నాటి ఉదయముననే కూనను తీసికొనిపోవలెనని దాని అర్థము కాదు. చిన్న జాతులకు, బలహీనముగా నున్న కూనలకు పది, పన్నెండు వారములు మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. తల్లి నుండి సంక్రమించిన రోగనిరోధక శక్తి ఆరవ వారము నుండి మెల్లగా తగ్గుచు వచ్చును. కాబట్టి ఆరు, ఎనిమిది వారముల నడుమ టీకాలు ప్రారంభించి, పదునారు వారములు నిండువరకు పశువైద్యుడు చెప్పిన వ్యవధులలో మరల వేయింపవలెను. పార్వో, డిస్టెంపర్ అను వ్యాధులు కూనలను గంపెడుగా తుడిచిపెట్టును. రేబిస్ టీకా మూడు నెలలకు వేయుదురు. నులిపురుగుల మందు రెండవ వారము నుండియే మొదలుపెట్టవలెను. కూన కరచినను, గోకినను చిన్నదే కదా యని ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యుని చూడవలెను. మూగజీవి యెడ దయయు, ఇంటి బిడ్డల యెడ బాధ్యతయు ఒకదానికొకటి విరోధములు కావు.

కూనను గూర్చి ఇంత చెప్పిన పిమ్మట తల్లిని మరచుట న్యాయము కాదు. ఒక్క దినముననే కూనలన్నిటిని తీసికొనిపోయినచో పాలు గడ్డకట్టి చన్నులు వాచి జ్వరము వచ్చు ప్రమాదము కలదు. ఒక్కొక్క కూనను కొన్ని దినముల ఎడముతో పంపినచో పాలును మెల్లగా ఇంకును, మనస్సును మెల్లగా కుదుటపడును. మగకూనలనెల్ల ఎత్తుకొనిపోయి ఆడుకూనలను వీధికి విడుచు అలవాటు ఊరూరను కలదు. స్త్రీలకు లింగధారణాధికారమును, అనుభవమంటపమున సమస్థానమును ఇచ్చిన సంప్రదాయపు బిడ్డలకు ఈ పక్షపాతము శోభింపదు. ఆ ఆడుకూనయే మరుసటి సంవత్సరము కాలువ గట్టున పిల్లలు పెట్టు దిక్కులేని తల్లి యగును. కాబట్టి దానికిని ఒక ఇల్లు చూపి, వయస్సు వచ్చిన పిమ్మట సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుట కూడ దయలో భాగమే. సాకలేని బిడ్డలను పుట్టనిచ్చి, పుట్టిన పిమ్మట పారవేయుటకంటె ఇది వేయిరెట్లు మేలు.

ఈ విచారము కుక్కల కొట్టము కడనే ఆగదు. వీరశైవ గృహములలో పుట్టిన శిశువునకు లింగధారణ జరుగును. కాని ఆ శిశువు తానే పూజించుకొనగల వయస్సు వచ్చువరకు ఇష్టలింగమును తల్లియే భద్రపరచు ఆచారము అనేక కుటుంబములలో కలదు. అధికారము పుట్టుకతోనే వచ్చినను బాధ్యతకు ఒక వయస్సు కలదని పెద్దలు ఎరిగియుండిరి. చదువు కొరకు దూరపు వసతిగృహమునకు పంపబడు పసివాడును, మఠమునకు అప్పగింపబడు వటువును మొదటి రాత్రులలో దుప్పటి క్రింద ఏడ్చుదురు. వారిని గూర్చియు "రెండు దినములు ఏడ్చి ఊరకుండునులే" అను మాట వినబడుచుండును. బిడ్డ సిద్ధపడినాడా యని ముందుగా చూచి, పిమ్మట మెల్లగా అలవాటు చేసి, అప్పగింపబడిన చోట తల్లి వంటి ఒక మనస్సును ఏర్పరచు పెద్దలే ఆ బిడ్డకు మేలు చేసినవారగుదురు. మఠమను మాటకు చదువు చెప్పు చోటని మాత్రమే గాక తల్లి ఒడియని కూడ అర్థము కలిగినప్పుడే అది జంగమస్థానమగును. కూన ఏడుపును చులకనగా వినుటకు అలవాటుపడిన చెవి, బిడ్డ ఏడుపును కూడ చులకనగా వినుటకు నేర్చుకొనును. అందుచేత చిన్న ప్రాణి విషయమున పెద్ద జాగ్రత్త అవసరము.

తగిన వయస్సేదను ప్రశ్నకు అంకెలలో సమాధానమున్నది: ఎనిమిది వారములకు ముందు కాదు; పన్నెండు వారములు దాటువరకు మనుష్యస్పర్శ లేకుండ ఉంచుటయు కాదు. కాని ఆ అంకెల వెనుక నున్న ధర్మము అంకెకంటె పెద్దది. పండుగ వచ్చినదనియు, బడికి సెలవులిచ్చిరనియు, బిడ్డ పుట్టినదినమనియు మనుష్యుడు తన పంచాంగము చూచి కూనను తెచ్చుకొనుచున్నాడు. దయ గలవాడు ఎదుటి ప్రాణి పంచాంగము చూచును. కావలసిన దానిని చేతికందు దూరములో నుంచుకొని, దాని మేలు కొరకు ఒక నెల దినములు చేయి చాపకుండుట చిన్న తపస్సు కాదు. ఇంద్రియనిగ్రహమును గ్రంథములలో చదువుట సులభము. కట్టెల కొట్టము ముందు పాటించుట కష్టము.

ఇక ఆ మఠపు కొట్టమునకు మరల వత్తము. చొక్కా మాటున కూనను తెచ్చిన బాలునికి ఆ ఇంటి తల్లి కోపపడక, దానిని తిరిగి కొట్టములో విడిచి రమ్మని చెప్పినదనుకొందము. బాలుడు మొదట అలుగును. పిమ్మట రోజును సాయంకాలము పిడికెడు అన్నము పట్టుకొనిపోయి తల్లికుక్కకు పెట్టి, తన కూనను ఒడిలో కూర్చుండబెట్టుకొని, చీకటి పడగానే మరల విడిచివచ్చును. అట్లు నెల దినములు గడచును. ఒకనాడు కూన తానే అతని వెంట వాకిలి వరకు వచ్చును. తల్లి దిమ్మె మీద పడుకొని చూచును గాని గుర్రుమనదు. ఆ దినమున బాలుడు తల్లి పడుకొను గోనెపట్టా ముక్క నొకదానిని కూనతో కూడ ఇంటికి తెచ్చును. ఆ రాత్రి కూన కొంతసేపు మూలిగి, తల్లి వాసన గల ఆ గోనె మీద మూతి పెట్టి నిద్రించును. బాలునికి ఒక కుక్క దొరకినది. దానితోపాటు ఎదుటి ప్రాణి కాలము వచ్చువరకు కాచియుండు ఓర్పును దొరకినది. ఆ ఇంట దయ మాటగా నుండక ఆచారమైనది.